ఏలన్ బ్యాంక్ రాళ్ళు: 1137వ సైట్ నమూనా స్తంభం – ప్రాజెక్టు డైరీ

పని పరిధి

దక్షిణ హిందూ మహాసముద్రం అడుగున ఉన్న కెర్గెలెన్ పీఠభూమిపై 1998 డిసెంబరు నుంచి 1999 ఫిబ్రవరి వరకు జోయిడెస్ రిజల్యూషన్ నౌక చేసిన తవ్వకాల ఫలితాలను ఒక కళాశాల ప్రయోగశాల గోడ మీద కొలతకు సరిపడేలా నిలబెట్టే పని ఇది. ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రామ్‌లో అది 183వ యాత్ర. మైక్ కాఫిన్, ఫ్రెడ్ ఫ్రే దానికి సహ ప్రధాన శాస్త్రవేత్తలు. ఈ పనిలో మూడు భాగాలున్నాయి: ఏలన్ బ్యాంక్ (పీఠభూమిలోని ఒక మిట్ట) మీది 1137వ సైట్‌కు నిలువు స్తంభం, అక్కడి లావాల రసాయన విశ్లేషణల పట్టిక, భారత–అంటార్కిటికా విడిపోవడాన్ని చూపే కదిలే పటం. మూడింటికీ వాడిన సమాచారం అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నదే కనుక, ఈ డైరీ చదివి ఏ కళాశాలలోనైనా ఇదే పనిని మళ్ళీ చేయవచ్చు.

1137ను ఎంచుకోవడానికి కారణం ఒకటే. చుట్టూ సముద్రమే ఉన్న చోట, సుమారు 1000 మీటర్ల నీటి కింద, లావా ప్రవాహాల నడుమ గార్నెట్–బయొటైట్ నైస్ గులకరాళ్ళు దొరికిన సైట్ ఇది. నైస్ అంటే వేడికీ ఒత్తిడికీ మారి పొరలుగా ఏర్పడిన రాయి, ఖండాల రాయి. సముద్ర ఫలకం దానిని పుట్టించదు.

దశ 1: కొలత నిర్ణయం

మొదట 1:100 కొలతతో గీసి చూశాము. అప్పుడు సైట్‌లోని అగ్నిపర్వత శిలల భాగం, అంటే 151.7 మీటర్లు, గోడ మీద 152 సెంటీమీటర్లకు కుదించుకుపోయింది. అసలు చూపవలసిన గులకరాతి పొర, సుమారు 26 మీటర్ల మందం ఉన్నది, 26 సెంటీమీటర్లే అయింది. నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డ విద్యార్థికి అందులో ఏమీ కనబడలేదు. కొలతను 1:50కి మార్చాము.

1. పైన ఉన్న అవక్షేపాలు: 219.5 మీటర్లు, గోడపై 439 సెం.మీ.
2. అగ్నిపర్వత శిలలు: 151.7 మీటర్లు, గోడపై 303 సెం.మీ.
3. అందులో గులకరాతి పొర: గోడపై 52 సెం.మీ.

మొత్తం 742 సెంటీమీటర్లు ఏ గదిలోనూ నిలవదు. అవక్షేపాల భాగాన్ని పూర్తిగా వదిలేద్దామన్న ఆలోచన వచ్చింది గానీ, అలా చేస్తే లావా సముద్రం అడుగునే బయటపడి ఉందన్న తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. అందుచేత అవక్షేపాలను మాత్రం 1:500లో, 44 సెంటీమీటర్ల పట్టీగా, వేరే రంగు చట్రంలో పెట్టి, కొలత మారిందని ఆ చట్రం మీదనే పెద్ద అక్షరాలతో రాశాము. రెండు కొలతలను ఒకే స్తంభంలో కలపడం మంచి పద్ధతి కాదు. ఇక్కడ వేరే మార్గం లేదు.

ఈ దశలోనే ఇంకో లెక్క వేసి గోడ పక్కన రాసి పెట్టాము. పీఠభూమి దక్షిణ భాగంలో భూపటలం మందం సుమారు 20 కిలోమీటర్లు. అదే 1:50 కొలతలో దానిని చూపాలంటే 400 మీటర్ల ఎత్తు గోడ కావాలి. మనం రసాయన విశ్లేషణలు చేసి పెద్ద పెద్ద నిర్ణయాలు చెబుతున్నది అందులో పై మూడు మీటర్లను చూసి మాత్రమే.

ఇప్పటి వరకు లెక్క: 303 + 44 = 347 సెం.మీ. గోడ ఎత్తు 335 సెం.మీ. కనుక అవక్షేపాల పట్టీని స్తంభం మీద కాక, పక్కన పెట్టవలసి వచ్చింది.

దశ 2: స్తంభం తయారీ

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది అడుగుల పొడవే వస్తుంది, అంటే 244 సెంటీమీటర్లు. 303 సెంటీమీటర్లకు అతుకు తప్పదు. రెండు ముక్కల హద్దు ఒక శిలాభాగం హద్దుకు దగ్గరగా పడితే చూసేవారు అతుకునే భూగర్భ హద్దు అనుకుంటారు. కాబట్టి పై ముక్కను పూర్తి పొడవు వాడకుండా, అతుకు ఒక మందపాటి లావా ప్రవాహం నడుమ పడేలా కోయించాము.

పూతగా మొదట క్రషర్ డస్ట్‌ను ఫెవికాల్‌లో కలిపి వేశాము. తడి ఆరేటప్పుడు అది కుంచించుకుపోయి, అడ్డంగా పగుళ్ళు వచ్చాయి. ఆ పగుళ్ళు అచ్చం లావా ప్రవాహాల మధ్య హద్దుల్లాగే కనబడటంతో మొత్తం గీకి తీసేశాము. తరువాత టైల్స్ అంటించే పొడిలో అదే డస్ట్‌ను సగానికి సగం కలిపి, 3 మిల్లీమీటర్లకు మించకుండా రెండు విడతలుగా వేస్తే నిలిచింది. ప్రవాహాల పైభాగాలకు ఇటుక పొడి కలిపిన ఎర్ర పూత వేశాము. లావా గాలిలో, నేల మీద చల్లబడినప్పుడు దాని పైభాగంలోని ఇనుము ఆక్సీకరణ చెంది ఎర్రబారుతుంది. 1137 స్తంభంలో ఈ ఎర్రని గీతలు అలంకారం కాదు. ఇప్పుడు వెయ్యి మీటర్ల లోతున ఉన్న ఈ చోటు ఒకప్పుడు నీటి పైన ఉన్నదనడానికి ఆధారాల్లో అవి ఒకటి.

మొదటి పూతలో పెద్ద లోపం ఖాళీల విషయంలో వచ్చింది. తవ్వకంలో ఒక్కో విడతకు దాదాపు 9.6 మీటర్ల దాకా కోస్తారు, కానీ అంత రాయీ పైకి రాదు. ఉదాహరణకు 9.6 మీటర్లు కోసి 4.8 మీటర్ల రాయి మాత్రమే వస్తే, వచ్చిన ముక్కలన్నీ ఆ విడత పైభాగం నుంచే వచ్చినట్టు లోతులు వేయడం అక్కడి నియమం. అసలు అవి విడతలో ఎక్కడివైనా కావచ్చు. మన కొలతలో ఆ అనిశ్చితి 9.6 సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం కన్నా కాస్త తక్కువ. మొదటి స్తంభంలో పై నుంచి కింది దాకా ఖాళీ లేకుండా రంగు నిండిపోయింది. చూడటానికి బాగున్నా అది నిజం కాదు. రెండవ సారి ఇలా చేశాము:

1. ప్రతి విడతకు ఎడమ అంచున నల్ల గీత గీయాలి.
2. పైకి వచ్చిన రాయి పొడవును మాత్రమే పూతతో నింపాలి.
3. మిగిలిన భాగాన్ని తెల్లగా వదిలేయాలి.
4. శిలాభాగాల హద్దులు తెల్ల భాగంలో పడితే చుక్కల గీత వాడాలి.

తెల్ల భాగాలు చూసి, "సార్, ఇక్కడ రంగు వేయడం మరిచిపోయారు" అని విద్యార్థులు అంటున్నారు. కాబట్టి స్తంభం పక్కన దాని వివరణ తప్పనిసరి.

దశ 3: అసలు పరిమాణంలో ఒక ముక్క

1:50లో ఐదు సెంటీమీటర్ల గులకరాయి ఒక మిల్లీమీటరు చుక్క. అందుకని ఒక సెక్షన్‌ను, అంటే ఒకటిన్నర మీటర్ల పొడవును, అసలు పరిమాణంలో చేయవలసి వచ్చింది. గట్టి రాతిని కోసే తిరుగుడు పద్ధతిలో వచ్చే రాతి కడ్డీ వ్యాసం 5.87 సెంటీమీటర్లు. మన బజారులో దొరికే పీవీసీ పైపుకు చెప్పే 63 మిల్లీమీటర్లు దాని బయటి వ్యాసం. లోపలి వ్యాసం పైపు మందాన్ని బట్టి మారుతుంది. దుకాణంలోనే వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి, లోపల 59 మిల్లీమీటర్లు ఉన్న పలచటి రకాన్ని తీసుకోవాలి. మందపు రకంలో లోపల 57 మాత్రమే ఉంటుంది. పైపును నిలువునా రెండుగా కోయించాము. నౌకలోనూ రాతి కడ్డీలను ఇలాగే రెండుగా కోసి, ఒక సగాన్ని భద్రపరచి, రెండవ సగం నుంచే పరీక్షలకు ముక్కలు తీసేవారు.

లావాలోని వాయు రంధ్రాల కోసం పచ్చి పూతలో సగ్గుబియ్యం అద్ది, ఆరాక తీద్దామనుకుంటే, అవి తడి పీల్చి ఉబ్బి ముద్దలై అంటుకుపోయాయి. ఆవాలు శుభ్రంగా ఊడి వచ్చాయి. వాటి వ్యాసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు, చిన్న రంధ్రాలకు సరిగ్గా సరిపోతుంది. పెద్దవాటికి శనగలు. తరువాత కొన్ని రంధ్రాలను తెల్ల పుట్టీతో నింపాము, ఎందుకంటే కోట్ల ఏళ్ళు నీరు పారిన బసాల్ట్‌లో (గట్టిపడిన నల్లని లావా రాయిలో) ఈ రంధ్రాలు కాల్సైట్, జియోలైట్ వంటి ఖనిజాలతో నిండి ఉంటాయి. అలా నిండి ఉండటమే దశ 4లో రసాయన విశ్లేషణలను పాడుచేసే మూలకారణం.

గులకరాతి ముక్కలో నైస్ కోసం విశాఖపట్నం కొండల నుంచి ఖోండలైట్ ముక్కలు తెచ్చారు. రంగు, గార్నెట్ ఎరుపు చూసి సరిపోతుందనుకున్నారు గానీ భూతద్దం పెట్టి చూస్తే ఖోండలైట్‌లో ఉండే సిల్లిమనైట్ అనే ఖనిజం సూదులు కనబడ్డాయి. 1137లోనిది గార్నెట్–బయొటైట్ నైస్. రెండూ ఒకటే అన్న భావన గోడ మీద పెరగకూడదు కనుక, ఖోండలైట్‌ను కింద వేరే పెట్టెలో పెట్టి, బయొటైట్ పొరలు స్పష్టంగా ఉన్న వేరే తూర్పు కనుమల నైస్‌ను గోడకు వాడి, దాని మీద "ఇది పోలిక కోసం, సైట్ నమూనా కాదు" అని రాశాము.

ఇప్పటి వరకు లెక్క: స్తంభం 303 సెం.మీ., అవక్షేపాల పట్టీ 44 సెం.మీ., అసలు పరిమాణం ముక్క 150 సెం.మీ. మొత్తం 497 సెం.మీ.

దశ 4: రసాయన పట్టిక

ఈ దశ అన్నింటికన్నా ఎక్కువ కాలం తీసుకుంది. పెట్‌డీబీ, జియోరాక్ అనే రాతి రసాయన సమాచార నిధుల నుంచి, యాత్ర నివేదికల నుంచి విశ్లేషణలు దించుకుని ఒకే పట్టికలో పెట్టాలి. పని మొదలైన చోటే ఒక ఇబ్బంది వచ్చింది. నమూనా పేరు యాత్ర, సైట్, విడత, సెక్షన్, సెంటీమీటర్ల క్రమంలో ఉంటుంది. విడత–సెక్షన్ జంటను వేరే గడిలోకి విడదీసినప్పుడు, స్ప్రెడ్‌షీట్ 24-3ని మార్చి 24 అనీ, 31-3ని మార్చి 31 అనీ మార్చేసింది. 34-3ను మాత్రం తేదీగా గుర్తించలేక అలాగే ఉంచింది. అన్నీ మారి ఉంటే వెంటనే తెలిసేది. కొన్నే మారడంతో వరుస క్రమం చెదిరి, లోతు పెరిగేకొద్దీ థోరియం ఎలా మారుతుందన్న గీత అర్థం లేకుండా వచ్చేదాకా తెలియలేదు. సమాచారం అతికించే ముందే ఆ నిలువు వరుసను "టెక్స్ట్"గా మార్చుకోవాలి. తరువాత మార్చితే ప్రయోజనం లేదు.

శుభ్రం చేసే క్రమం ఇలా స్థిరపడింది:

1. అసలు పట్టికను ముట్టుకోకుండా నకలు మీదనే పని చేయాలి.
2. ఒకే నమూనాకు రెండు ప్రయోగశాలల విశ్లేషణలు ఉంటే సగటు తీయకుండా, రెండు వరుసలుగానే ఉంచి, పద్ధతిని పక్కన రాయాలి.
3. ఇనుము ఏ రూపంలో ఇచ్చారో చూడాలి. ఫెర్రిక్ ఆక్సైడ్‌గా 12 శాతం ఉన్నది ఫెర్రస్ ఆక్సైడ్‌గా 10.8 శాతమే, గుణకం 0.8998.
4. తేమ, మంటలో పోయే భాగం తీసేసి మిగిలిన ఆక్సైడ్‌లను 100కు సరిచేయాలి.
5. టైటానియం ఆక్సైడ్ శాతాన్ని టైటానియం పీపీఎంగా (పది లక్షల్లో ఎన్ని భాగాలో) మార్చేందుకు 5995తో గుణించాలి.

నాలుగవ మెట్టు తరువాత కూడా పొటాషియం, రుబిడియంలను నమ్మకూడదు. సముద్రపు నీరు, రంధ్రాల్లో పేరుకున్న ఖనిజాలు ఆ మూలకాలను తెచ్చిపెడతాయి లేదా తీసుకుపోతాయి. అందుకే నీటిలో సులువుగా కదలని థోరియం, నయోబియం, లాంథనం, జిర్కోనియం వంటివాటి నిష్పత్తుల మీద ఆధారపడ్డాము.

అక్కడా రెండు చిక్కులు వచ్చాయి. ఎక్స్–రే ఫ్లోరసెన్స్ పద్ధతి థోరియంను రెండు పీపీఎం కన్నా తక్కువ స్థాయిలో సరిగా కొలవలేదు. ఇక్కడి బసాల్ట్‌ల్లో చాలావాటి థోరియం ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ పద్ధతి విలువలతో వేసిన నిష్పత్తుల గ్రాఫ్‌లో చుక్కలు ఎటుపడితే అటు చెల్లాచెదురయ్యాయి. థోరియం కోసం ఐసీపీ–ఎంఎస్ లేదా న్యూట్రాన్ క్రియాశీలత పద్ధతి విలువలనే ఉంచి, మిగిలినవి తీసేశాము. పట్టిక బాగా చిన్నదైంది, కానీ చుక్కలు గుంపులుగా విడివడ్డాయి. రెండవది టాంటలం. రాతిని టంగ్‌స్టన్ కార్బైడ్ పాత్రలో పొడి చేస్తే టంగ్‌స్టన్, కోబాల్ట్‌లతో పాటు టాంటలం కూడా నమూనాలోకి చేరుతుంది. పొడి చేసిన పాత్ర గురించి నివేదికలో రాయని చోట టాంటలం నిలువు వరుసను ఖాళీ చేశాము.

పేర్ల దగ్గర ఒక తెలుగు ప్రాంతపు చిక్కు కూడా ఉంది. పోలిక కోసం జార్ఖండ్‌లోని రాజమహల్ కొండల బసాల్ట్‌లను దించుకుంటున్నప్పుడు, అక్షర క్రమంలో వాటి పక్కనే రాజమండ్రి ట్రాప్‌ల వరుసలు కూడా వచ్చి చేరాయి. గోదావరి ఒడ్డున కాటేరు, పంగిడి వైపు క్వారీల్లో కనబడే ఆ బసాల్ట్ దక్కన్ లావాల కాలానిది, దాదాపు 6.5 కోట్ల ఏళ్ళ నాటిది. రాజమహల్‌ది సుమారు 11.8 కోట్ల ఏళ్ళు. మన ఊరి పక్క రాయి కాబట్టి ఇందులో ఉండవలసిందేననిపించడం సహజం, కానీ కెర్గెలెన్ కథలో దానికి చోటు లేదు. వయసు నిలువు వరుసతో వడకట్టి తీసేశాము.

దశ 5: రెండు లెక్కలు, చేత్తో

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను నమ్మే ముందు ఈ రెండు లెక్కలను కాగితం మీద వేయించాము. మొదటిది ఖండ భూపటలం కలిస్తే ఏమవుతుందన్నది. ఇవి నమూనా విలువలు, ఏ ఒక్క రాతివీ కావు.

1. బసాల్ట్ ద్రవం: థోరియం 0.7, నయోబియం 8 పీపీఎం. నిష్పత్తి 0.09.
2. ఖండాల పై భూపటలం సగటు: థోరియం 10.5, నయోబియం 12. నిష్పత్తి 0.88.
3. 5 శాతం కలిపితే: 1.19 / 8.2 = 0.15.
4. 10 శాతం కలిపితే: 1.68 / 8.4 = 0.20.

అంటే పదో వంతు కలిస్తేనే నిష్పత్తి రెట్టింపును దాటుతుంది. అదే మిశ్రమంలో సిలికా 49 శాతం నుంచి 50.8కి మాత్రమే పెరుగుతుంది. సిలికాను చూసి కలుషితాన్ని పట్టుకోవడం ఎందుకు కుదరదో ఈ ఒక్క పోలిక చూపుతుంది.

రెండవది స్ట్రాన్షియం 87/86 నిష్పత్తిని లావా పుట్టిన నాటికి వెనక్కి లెక్కించడం. రుబిడియం 20, స్ట్రాన్షియం 250 పీపీఎం ఉన్న, 10.8 కోట్ల ఏళ్ళ వయసున్న రాయి అనుకుంటే, రుబిడియం 87/స్ట్రాన్షియం 86 నిష్పత్తి సుమారు 0.23. క్షయ స్థిరాంకాన్ని కాలంతో గుణిస్తే 0.00151. రెండింటి లబ్ధం 0.00035. ఈ రోజు కొలిచింది 0.70530 అయితే పుట్టినప్పటిది 0.70495. ఇప్పుడు సముద్రపు నీటి వల్ల రుబిడియం 20 నుంచి 40కి పెరిగిందనుకుందాం. అదీ ఇటీవలి కాలంలో. తీసివేత 0.00070 అవుతుంది, ఫలితం 0.70460కి పడిపోతుంది. ఖండపు ఛాయ, అంటే ఖండ శిల కలిసిన గుర్తుగా ఎక్కువ నిష్పత్తి, ఉన్న లావా అది లేనిదానిలా కనబడుతుంది. ఆమ్లంతో కడిగిన పొడి మీద చేసిన విశ్లేషణలను విడిగా గుర్తించడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాము. పాత నివేదికల్లో వాడిన 1.42 క్షయ స్థిరాంకాన్ని ఇప్పటి 1.397తో (రెండూ ఏడాదికి 10⁻¹¹ ప్రమాణంలో) మార్చినా ఈ వయసులో తేడా ఆరవ దశాంశ స్థానంలోనే. దానికోసం సమయం వృథా చేయనక్కరలేదు.

దశ 6: ఇతర సైట్‌లను చేర్చడం

1137 ఒక్కటే గోడ మీద ఉంటే పీఠభూమి అంతా అలాగే ఉంటుందనుకుంటారు. 183వ యాత్రలో అగ్నిపర్వత శిలలను చేరిన మిగిలిన సైట్‌లను 1:200లో చిన్న స్తంభాలుగా పెట్టాము. మీటర్లు సుమారుగా, బ్రాకెట్లలో నడుస్తున్న మొత్తం; వయసులు ఆర్గాన్–ఆర్గాన్ పద్ధతివి (రాతిలోని ఆర్గాన్ వాయువు ఐసోటోపులను కొలిచి లెక్కించినవి).

1. 1136, దక్షిణ భాగం: 33 మీ. (33), దాదాపు 11.9 కోట్ల ఏళ్ళు.
2. 1137, ఏలన్ బ్యాంక్: 152 మీ. (185), దాదాపు 10.8 కోట్లు.
3. 1138, మధ్య భాగం: 144 మీ. (329), దాదాపు 10 కోట్లు.
4. 1139, స్కిఫ్ బ్యాంక్: 233 మీ. (562), దాదాపు 6.8 కోట్లు.
5. 1140, ఉత్తర భాగం: 88 మీ. (650), దాదాపు 3.4 కోట్లు.
6. 1141, బ్రోకెన్ రిడ్జ్ (ఒకప్పుడు పీఠభూమిలో భాగం): 72 మీ. (722), దాదాపు 9.5 కోట్లు.
7. 1142, బ్రోకెన్ రిడ్జ్: 51 మీ. (773), 1141 కాలమే.

ఏడు చోట్ల కలిపి 773 మీటర్లు. పీఠభూమి విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు.

దీనికి 119వ యాత్రలోని 738వ సైట్‌ను కూడా చేర్చవలసి వచ్చింది, ఎందుకంటే పీఠభూమి దక్షిణపు కొసన ఉన్న ఆ చోటి లావాలో స్ట్రాన్షియం నిష్పత్తి సుమారు 0.709 దాకా వెళుతుంది. మామూలు సముద్ర బసాల్ట్‌లో అంత విలువ ఉండదు. మరో చివర 1140. మధ్య సముద్ర రిడ్జ్ (కొత్త సముద్రపు అడుగు పుట్టే గట్టు) సమీపంలో పుట్టిన ఆ లావాలో ఖండపు ఛాయ లేదు. 1137 ఈ రెండింటి నడుమ.

పట్టిక పూర్తయ్యాక గ్రాఫ్ కింద మొదట రాసిన వాక్యం "ఈ నిష్పత్తులు పీఠభూమి కింద ఖండపు ముక్క ఉందని నిరూపిస్తాయి" అన్నది. దానిని కొట్టేశాము. లావాలోని ఖండపు ఛాయ మూడు దారుల్లో రావచ్చు: పైకి వచ్చేటప్పుడు దారిలో ఖండ భూపటలాన్ని కరిగించుకుని రావచ్చు; ఖండాలు విడిపోయేటప్పుడు వాటి అడుగుభాగం ఊడి ప్రావారంలో (భూపటలం కింది పొరలో) కలిసి, తరువాత అక్కడి నుంచి కరగవచ్చు; లేదా ఎప్పుడో భూగర్భంలోకి దిగిన అవక్షేపాలు ప్రావారంలో మిగిలి ఉండవచ్చు. నిష్పత్తుల గ్రాఫ్ ఒక్కటే ఈ మూడింటినీ విడదీయలేదు.

గులకరాళ్ళ సంగతి వేరు. 1137లోని ఆ 26 మీటర్ల పొరను నది మోసుకొచ్చింది. రాళ్ళు గుండ్రంగా అరిగి ఉన్నాయి. వాటిలో బసాల్ట్, ట్రాకైట్, రయోలైట్‌తో పాటు నైస్ ఉంది. నైస్‌లోని జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజ రేణువుల వయసులు 53.4 కోట్ల నుంచి 254.7 కోట్ల ఏళ్ళ దాకా వచ్చాయి. ఆ నది పారిన కాలానికి భారత ఉపఖండం అప్పటికే సముద్రం అవతల ఉంది. కాబట్టి ఆ నైస్ కొండ ఏలన్ బ్యాంక్ మీదనే, నది నడిచే దూరంలో ఉండి తీరాలి. గోడ మీద ఈ రెండు ఆధారాలను ఒకే రంగులో చూపడం మానేసి, గులకరాయికి ముదురు రంగు, లావా నిష్పత్తికి లేత రంగు ఇచ్చాము. 738 దగ్గర లేత రంగు మాత్రమే ఉంది. అక్కడ రసాయన ఛాయ 1137 కన్నా బలమైనదైనా, చేతికి దొరికిన నైస్ లేదు. ఇది మా నిర్ణయం. కొందరు 738కి కూడా ముదురు రంగే ఇవ్వాలంటారు.

దశ 7: కదిలే పటం

ఫలకాల కదలికను వెనక్కి తిప్పి చూపే జీప్లేట్స్ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో భారత ఫలకానికి 501, అంటార్కిటికాకు 802, ఆస్ట్రేలియాకు 801 అన్న సంఖ్యలు ఉంటాయి. ఏలన్ బ్యాంక్ హద్దును ఈనాటి స్థానంలో గీసి 802కు తగిలించి, కాలాన్ని వెనక్కి జరిపితే, భారత తూర్పు తీరం మూసుకుంటూ వచ్చి ఏలన్ బ్యాంక్ మీదికి ఎక్కింది. మొదట్లో అది అంటార్కిటికా వైపు లేదు కాబట్టి ఈ ఢీకొనడం సరైనదే. తొలి సముద్ర రిడ్జ్ ఏలన్ బ్యాంక్‌కు దక్షిణంగా, అంటార్కిటికా వైపున్న ఎండర్బీ బేసిన్‌లో ఉండేది. అది ఆగిపోయి, కొత్త రిడ్జ్ ఉత్తరాన, భారత తీరానికి దగ్గరగా తెరుచుకోవడంతో, అప్పటిదాకా భారతానికి అంటి ఉన్న ఈ ముక్క అంటార్కిటికా ఫలకానికి మారింది.

దానికి 501 సంఖ్య ఇచ్చి చూస్తే ముక్క ఎగిరి అంటార్కిటికాను దాటి అవతలికి పోయింది. ఈనాటి అక్షాంశ రేఖాంశాలను భారత ఫలకంతో కలిపి తిప్పితే అలాగే అవుతుంది. భారతం అప్పటి నుంచి ఉత్తరానికి ఎంతో దూరం ప్రయాణించింది, ఏలన్ బ్యాంక్ ప్రయాణించలేదు. పనిచేసిన పద్ధతి:

1. మొదటి హద్దు: 802, 12 కోట్ల ఏళ్ళ నుంచి నేటి వరకు.
2. కాలాన్ని 12 కోట్ల ఏళ్ళ వద్ద నిలిపి, మొదటి హద్దు కనబడిన చోటనే రెండవ హద్దు గీయాలి.
3. దానికి 501 ఇచ్చి, 12 కోట్లకు ముందు కాలానికి పరిమితం చేయాలి.
4. 12.1, 11.9 కోట్ల వద్ద ముందుకూ వెనక్కూ జరిపి, రెండూ అతికినట్టు ఉన్నాయేమో చూడాలి.

12 కోట్లు అన్నది మేము ఎంచుకున్న గుండ్రని అంకె. ప్రచురితమైన పునర్నిర్మాణాల్లో రిడ్జ్ మారిన కాలం అటూ ఇటూగా ఉంది. దానికి గట్టి కారణమే ఉంది. సుమారు 12.1 కోట్ల నుంచి 8.3 కోట్ల ఏళ్ళ వరకు భూమి అయస్కాంత క్షేత్రం తిరగబడలేదు. ఆ కాలంలో పుట్టిన సముద్రపు అడుగున వయసు చెప్పే అయస్కాంత పట్టీలు ఉండవు. అందుచేత ఈ అంకెను పటంలో స్లైడర్‌గా పెట్టి, 11.5 నుంచి 12.5 కోట్ల మధ్య జరపగలిగేలా చేశాము.

కొన్ని పునర్నిర్మాణాలు ఏలన్ బ్యాంక్‌ను కృష్ణా–గోదావరి, మహానది తీరాల ఎదుట ఉంచుతాయి. తూర్పు కనుమలకూ తూర్పు అంటార్కిటికాకూ ఉన్న శిలా సంబంధం బాగా స్థిరపడిన విషయం కనుక, నైస్ గులకరాళ్ళను ఆ కుటుంబంలో చూడటంలో తప్పు లేదు. అయితే తూర్పు కనుమల్లో ఫలానా కొండ అని వేలు పెట్టి చూపే ఆధారం ఆ వయసుల్లో లేదు. పటంలో బాణం గుర్తు వేయకుండా తీరం పొడవునా నీడ మాత్రమే వేశాము.

పటం మీద లావాల వయసులను చుక్కలుగా పెట్టినప్పుడు ఇంకో సవరణ చేయవలసి వచ్చింది. ముందుగా రాసిన శీర్షిక "అగ్నిపర్వతాలు ఖండాలను చీల్చిన తీరు". కానీ భారత–అంటార్కిటికాల మధ్య సముద్రం సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందటే తెరుచుకోవడం మొదలైంది. కెర్గెలెన్‌లో తవ్వి తీసిన అతి పాత లావా 11.9 కోట్లది, రాజమహల్ 11.8 కోట్లది. చీలికకు దగ్గరగా ఉన్నవి ఆస్ట్రేలియా నైరుతి మూలన ఉన్న బన్‌బరీ బసాల్ట్‌లు, అవి 13 కోట్లకు కాస్త అటూ ఇటూ. అంటే భారీ లావా వచ్చింది చీలిక తరువాత కోటి ఏళ్ళకు. శీర్షికను "చీలిక, ఆ తరువాత లావా" అని మార్చాము.

ఇప్పటి వరకు లెక్క: పెద్ద స్తంభం 303 సెం.మీ., అవక్షేపాల పట్టీ 44, అసలు పరిమాణం ముక్క 150, 1137 కాక మిగిలిన ఆరు చిన్న స్తంభాలు కలిపి సుమారు 310. మొత్తం 807 సెం.మీ.

మిగిలిన పనులు

1. 1138 చిన్న స్తంభం పైన, లావాకూ సముద్ర అవక్షేపాలకూ మధ్య, మొక్కల అవశేషాలు దొరికిన పొరను ఆకుపచ్చ గీతతో గుర్తించాలి.
2. తూర్పు 90 డిగ్రీల రిడ్జ్ సైట్‌లైన 756, 757, 758లను పటంలో చేర్చాలి. ఉత్తరానికి పోయేకొద్దీ వయసు పెరగడం విద్యార్థులే గీత గీసి చూడాలి.
3. లావా నిష్పత్తుల గ్రాఫ్‌లో ఏ చుక్క ఏ పద్ధతితో కొలిచిందో తెలిసేలా ఆకారాలు మార్చాలి.
4. వానాకాలంలో ప్లైవుడ్ వంకర తిరగకుండా వెనుక అల్యూమినియం పట్టీలు బిగించాలి. కింది ముక్క ఎడమ అంచు ఇప్పటికే 4 మిల్లీమీటర్లు ముందుకు వచ్చింది.